వండి పెట్టు అవ్వ ఆహారము

ఎనుముకు దాణా ఎంత పెట్టవలెనో, ఎద్దుకు మేత ఎంత వేయవలెనో రైతుకు కంఠతా వచ్చును. ఇంటిల్లిపాదికి వండి పెట్టు తల్లి దినమునకు ఎంత తినుచున్నదని అడిగినచో జవాబు దొరకదు. ఆమెను అడిగినను దొరకదు.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెలలో 60 ఏండ్లు దాటిన స్త్రీలు అనేకులు మోకాళ్ల నొప్పులతోను, చక్కెర వ్యాధితోను, రక్తపుపోటుతోను అవస్థపడుట మనము చూచుచున్నాము. "అవ్వ తినేది పిడికెడు, అయినా ఒళ్లు వచ్చింది" అని ఇంటివారందురు. పిడికెడన్నది కంచములో కనిపించు లెక్క. కుండ దగ్గర జరుగు లెక్క వేరు.

కుండ దగ్గరి తిండి

వంట చేయు మనిషి ఉప్పు కారము చూచుటకు గరిటెడు పప్పు నోట వేసుకొనును. ఊరుబిండికి బుడ్డలు వేయించునపుడు గుప్పెడు నములును. పిల్లవాడు వదలిన ముద్ద, మనుమరాలు తినక లేచిన ఉగ్గాని, అందరు తిన్న తరువాత అడుగున మిగిలిన అన్నము, గిన్నెకు అంటిన నూనె కూర - ఇవి అన్నియు ఆమె పాలికే వచ్చును. ఎందుకమ్మా అంటే, "పారేసేకి మనసొప్పదు నాయనా" అనును.

ఈ మాటను తేలికగా తీసుకొనరాదు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ మనది. 1952 ప్రాంతపు కరువులో రాయలసీమయందు గంజి కేంద్రములు నడిచినవి. ఆ కరువును దాటిన తల్లుల చేతికింద పెరిగిన వారే నేటి 70 ఏండ్ల అవ్వలు. మెతుకు నేల పడనీయకుండుట వారికి నేర్పిన మొదటి పాఠము. అందు తప్పేమియు లేదు. అయితే ఆ మెతుకు చేరవలసిన చోటు ఆమె కడుపే అగుట తప్పు.

లెక్క చూతము. వేయించిన బుడ్డలు 30 గ్రాములు, అనగా ఒక గుప్పెడు, సుమారు 150 కేలరీల శక్తినిచ్చును. 100 గ్రాముల వండిన అన్నము మరి 130. ఈ రెండే 280. భారీ పని లేని 60 ఏండ్లు దాటిన స్త్రీకి దినమునకు 1,500 కేలరీలు చాలునని మన పోషకాహార శాస్త్రజ్ఞుల అంచనా. కంచములో కూర్చొనకమునుపు, లేచిన తరువాత తిన్న ఈ కొంచెమే దినపు భోజనములో అయిదవ వంతుకు దగ్గరగా ఉన్నది. నెలలు గడచుకొలది అది నడుము చుట్టు చేరును.

కావున మొదట చేయవలసినది ఉపవాసము కాదు. వంట దిగగానే అవ్వకు కావలసిన సంగటి, పప్పు, ఆకుకూర ఒక కంచములో పెట్టి మూత వేయవలెను. ఆమె తిండి అదే. ఇంటివారితోపాటు కూర్చొని తినవలెను, చివర కాదు. రుచి చూచుటకు గరిటె బదులు చిన్న చెంచా చాలును. మిగిలినది కుడితి తొట్టికి, కోళ్లకు పోవును. రైతు ఇంట అది వ్యర్థము కాదు. ఒక హెచ్చరిక: పెండ్లి భోజనపు అన్నము వంటిది గంపలకొలది ఎనుముకు పెట్టినచో కడుపులో ఆమ్లము పెరిగి ప్రాణము మీదికి వచ్చును. గుప్పెళ్ల లెక్కనే వేయవలెను. అన్నిటికంటె మేలైనది మరునాడు నుంచి ఒక సోల తక్కువ పోసి వండుట.

మారిన పని, మారిన సంగటి

ఈ అవ్వలే కోడలితనములో ఇసుర్రాయి తిప్పినారు, కొర్రలు దంచినారు, బావినుండి బిందెలు మోసినారు, కలుపు తీసినారు. ఆనాటి ఆకలి ఆనాటి పనికి తగినది. తరువాత పిండిమర వచ్చినది, కొళాయి వచ్చినది, 1999లో దీపం పథకముతో గ్యాసు పొయ్యి పల్లెలకు రాసాగినది. ఇవి వచ్చినందుకు సంతోషింపవలెను. ఇసుర్రాయి మరల తిప్పుమని ఎవరును చెప్పరు. అయితే పని తగ్గినంత తిండి తగ్గలేదు. ఉదయము ఎండ ముదరకమునుపు అరగంట నడక, లేదా పెరటిలో నాలుగు ఆకుకూర మళ్ల పని, ఆ లోటును కొంత తీర్చును.

తిండియు మారినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప పేదవాని ఇంట ఆకలి తగ్గినది. ఇది చిన్న మేలు కాదు. అదే కాలములో మెట్టచేలు కొర్ర, సామ, రాగి వదలి వేరుశనగకు తిరిగినవి. సంగటికుండను చూచినను ఈ మార్పు తెలియును. నూకలు కొంచెము, రాగిపిండి మెండుగా ఉండవలసిన సంగటి ఇప్పుడు చాలా ఇండ్లలో తెల్లబడినది. పేరు సంగటి, లోపల ఉన్నది అన్నము.

రాగులు తింటే ఒళ్లు తగ్గునని ఒక నమ్మకము బయలుదేరినది. రాగులకు, బియ్యమునకు శక్తిలో భేదము కొద్దిగానే ఉన్నది: 100 గ్రాములకు రాగులు సుమారు 320 కేలరీలు, బియ్యము 356. రెండు ముద్దలు తినువారికి రాగి అయినను ఒకటే, బియ్యము అయినను ఒకటే. రాగి గొప్ప వేరు చోట ఉన్నది. అందు పీచు అధికము. 100 గ్రాములలో 350 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నది, ఇది బియ్యములో 10 మిల్లీగ్రాములైనను లేదు. ముదిమిలో ఎముకలు గుల్లబారు స్త్రీకి ఇది ముఖ్యము. పిండిని మెత్తగా జల్లించి పొట్టు పారవేయరాదు. కొర్రలు కొనువారు తెల్లగా మెరయు బియ్యము కోరరాదు. ఆ మెరుపు తవుడు పోయినందున వచ్చినది. నంద్యాల పరిశోధనాస్థానపు సూర్యనంది వంటి కొర్ర రకమును ఇంటి తిండికని చేనులో ఒక మూల వేసుకొనువారికి ఈ బాధయే లేదు.

నూనె డబ్బా

అనంతపురము వేరుశనగ సీమ. నూనె ధారాళముగా పోయుట మనకు అలవాటు. ఒక్క పెద్ద చెంచా, అనగా 15 గ్రాముల నూనె, 135 కేలరీలు. ఏ నూనె అయినను ఇంతే. మనిషికి దినమునకు 20 నుండి 25 గ్రాములు చాలును. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు మూడు లీటర్లని గుర్తుపెట్టుకొనిన సరిపోవును. డబ్బా తెరచిన తేదీని దానిమీదనే వ్రాసినచో ఎవరితోను వాదము లేకుండ లెక్క తేలును. బజ్జీలు, ఓళిగలు పండుగకే ఉండవలెను. పండుగనాడు మాత్రము మానిపించనక్కరలేదు.

కండ పోగొట్టుకొనరాదు

బరువు తగ్గవలెనని రాత్రి భోజనము మాని, పగలు గంజి త్రాగి గడపు అవ్వలున్నారు. ఇది మిక్కిలి చెరుపు. వయసు పెరిగినకొలది కండ తానుగా తగ్గును. మాంసకృత్తులు లేని పస్తు దానిని మరింత కరిగించును. కొవ్వు మిగిలి కండ పోయిన మనిషి జారిపడును, తుంటి విరుగును. శరీరపు బరువు కిలో ఒకటికి దాదాపు ఒక గ్రాము మాంసకృత్తులు దినమునకు అందవలెను. ఇందుకు దుకాణపు పొడులు అక్కరలేదు. ఉలవలలో అయిదవ వంతుకు పైగా మాంసకృత్తులే. ఉలవకట్టు తీసి గింజలు ఎద్దులకు పోయు ఇండ్లున్నవి. గుగ్గిళ్లుగా కొన్ని అవ్వకును పెట్టవలెను. కందిపప్పు, అలసందలు, అనుములు, గ్రుడ్డు, వెన్న తీసిన మజ్జిగ అన్నియు మంచివే. వేరుశనగలో కంది, అలసంద సాళ్లు వేయుట మానిన రైతు, ఇంటి పప్పును అంగడిలో కొనవలసి వచ్చుచున్నదని గమనింపవలెను. బుడ్డలును మంచివే, వాటిని పప్పుకు బదులుగా తినవలెను గాని పప్పు మీద అదనముగా కాదు. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగియే పప్పులు పెంచవలెను.

చెంచలి, మునగాకు, పుల్లకూర వంటి ఆకుకూరలు కంచములో సగము వరకు ఉండవచ్చును. ఉప్పు మాత్రము దినమునకు 5 గ్రాములు దాటరాదు. ఊరగాయ, అప్పడము, వడియములలోని ఉప్పును కూడ ఇందులోనే లెక్కింపవలెను.

కొలత

బుడ్డల మూటలు తూచు కాటా మీద మనుష్యులు ఎక్కనక్కరలేదు. ఆరోగ్య ఉపకేంద్రములో త్రాసు ఉన్నది. నెలకొకసారి ఒకే వేళకు తూచుకొనిన చాలును. 150 సెంటీమీటర్ల పొడవు గల స్త్రీ 52 కిలోలు దాటినచో బరువు హెచ్చినట్లు, 56 దాటినచో స్థూలత వచ్చినట్లు మన దేశపు కొలమానము చెప్పును. దర్జీ టేపుతో చూచిన నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు లోపు ఉండవలెను. డెబ్బది దాటినవారి విషయములో ఈ అంకెలను మరీ పట్టుబట్టరాదు. 60 కిలోల మనిషి ఆరు నెలలలో మూడు కిలోలు తగ్గినను మోకాళ్లకు, రక్తపుపోటుకు మేలు కనిపించును.

మోకాళ్ల నొప్పి అంతయు బరువు వలననే అని తీర్మానింపరాదు. మన జిల్లాలలో పలు గ్రామముల బోరు నీటియందు ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నది. కీళ్లు, వెన్ను బిగిసిన అవ్వ త్రాగు నీరు ఏ బోరుదో విచారించి పరీక్ష చేయించుట గ్రామోద్యోగుల పని.

చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకొనువారు, సూది వేసుకొనువారు డాక్టరుకు చెప్పకుండ తిండి తగ్గింపరాదు. మందు పాతది, తిండి కొత్తది అయినచో రక్తములో చక్కెర ఒక్కసారిగా పడి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చును. అట్టి సమయమున మెలకువ ఉన్నచో వెంటనే చక్కెర నీళ్లు త్రాగించి, తరువాత వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక 108కు ఫోను చేయవలెను. ఏ ప్రయత్నము లేకయే బరువు తగ్గుచున్న మనిషిని పొగడక ఆ వారమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకొనిపోయి చూపవలెను.