కారు లోపలి గాలి, కారు లోపలి మురికి



నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రోగులు ఎక్కువగా బస్సుల్లోనూ, ఎద్దుల బండ్ల మీదా వచ్చేవారు. ఇప్పుడు గేటు ముందు కార్లు బారులు తీరుతున్నాయి. సొంత కారు లేకపోతే బావదో, పక్కింటివారిదో తెచ్చుకుంటారు. ఆదోని నుండి ఎమ్మిగనూరుకు దాదాపు 30 కిలోమీటర్లు. కర్నూలుకో బళ్ళారికో పోవాలంటే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. అంతసేపూ ఐదారుగురు చిన్న గదిలాంటి చోట ఒకరు వదిలిన గాలి ఒకరు పీలుస్తూ కూర్చుంటారు. కారు బయట మాత్రం అద్దంలా తుడిపిస్తాం!

ఒక వేసవిలో ఎమ్మిగనూరు వైపు నుండి మగ్గం పని చేసే యువకుణ్ణి వాళ్ళన్న కారులో తీసుకొచ్చాడు. తెమడ పరీక్షలో క్షయ (టి.బి.) అని తేలింది. మందులు మొదలుపెట్టాం. రెండోసారి వచ్చినప్పుడు ఆ అన్న నన్ను పక్కకు పిలిచి, “సిస్టరమ్మా, పోయినసారి వీడు కూర్చున్న సీటు ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగించినాను. వీడు తాగిన నీళ్ళ సీసా పారేసినాను. మా పిల్లోళ్ళకు ఇంక అంటదు కదా?” అన్నాడు.

“వచ్చేటప్పుడు అద్దాలు దించినారా నాయనా?” అని అడిగాను.

“ఎండ కదమ్మా, ఏసీ వేసుకొని వచ్చినాము. పిల్లోళ్ళు కూడా ఉండారు.”

తమ్ముడు గోడ పక్కన తల వంచుకొని నిలబడ్డాడు. “ఈసారి నుంచి నేను రానులేమ్మా” అన్నాడు. నాకు భయం వేసింది ఆ మాటకే. టి.బి. మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, క్రిములు మందుకు లొంగకుండా మొండికెత్తుతాయి.

టి.బి. క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ అనే జర్మనీ వైద్యుడు 1882 మార్చి 24న ప్రకటించాడు. ఆ క్రిమి గాలి ద్వారా వస్తుంది. రోగి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వెలువడే సన్నని తుంపరలు గాలిలో తేలుతూ ఉంటాయి. సీటు మీద కూర్చున్నందువల్లగానీ, సీసా తాకినందువల్లగానీ రాదు. ఆ అన్న కడిగినది కడగక్కరలేనిది, తెరవవలసినదేమో తెరవలేదు. ఏసీలో లోపలి గాలినే తిప్పే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే చల్లదనం త్వరగా వస్తుంది, కానీ బయటి గాలి దాదాపు రాదు. దగ్గేవారు కారులో ఉంటే ఆ మీట తీసేయండి. ముందు ఒక అద్దం, వెనుక ఎదురువైపు ఒక అద్దం దించండి. ఎండ, దుమ్ము తప్పవు, ఓర్చుకోవాలి. రోగికి మాస్కు పెట్టండి. చిన్నపిల్లలను ఇంట్లో వదిలి రండి. సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కాబట్టి రోగిని కారెక్కించుకోవడం మానకండి. ఇంట్లోవారు మాత్రం అందరూ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టి.బి. మందులు ఉచితం.

ఫ్లూ, 2020లో మనందరం చూసిన కోవిడ్ కూడా మూసిన కారులో ఇలాగే వ్యాపిస్తాయి. తట్టు ఇంకా చెడ్డది. తట్టు వచ్చిన బిడ్డ దిగిపోయిన తర్వాత కూడా మూసిన చోట దాని క్రిమి 2 గంటల వరకు గాలిలో ఉండగలదు. తలుపులన్నీ తెరిచి ఆరబెట్టండి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే మంచి గాలి గురించి. మా ట్రైనింగులో ఇది కంఠస్థం చేయించారు.

ఇక మురికి సంగతి. వాంతి, విరేచనం, రక్తం కారులో పడితే ఉత్త చేతులతో తుడవవద్దు. చేతికి గ్లవుజో, ప్లాస్టిక్ కవరో తొడుక్కొని, పాత గుడ్డతోనో కాగితంతోనో ఎత్తేసి కవరులో మూట కట్టండి. రబ్బరు మ్యాటు అయితే బయటకు తీసి, లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసి, 10 నిమిషాలు ఉంచి కడగండి. సీటు గుడ్డకు బ్లీచింగ్ వద్దు, రంగు పోతుంది. సబ్బునీళ్ళతో రుద్ది, తలుపులు తెరిచి ఎండబెట్టండి. బ్లీచింగ్‌లో యాసిడ్ ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది, కారులో అయితే మరీ ప్రమాదం. చివరగా చేతులు సబ్బుతో కడుక్కోండి.

అన్నం గురించి చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. ఒక పెండ్లికి పోతూ కోడిగుడ్ల కూర డబ్బా కారు వెనుక పెట్టి, మధ్యాహ్నమంతా ఎండలో మరచి, సాయంత్రం వాసన బాగానే ఉంది కదా అని తిన్నాం. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ ఓ.ఆర్.ఎస్. కలుపుతూ కూర్చున్నాను. వండిన పదార్థం 2 గంటలకు మించి బయట ఉంచకూడదు. మన ఎండల్లో నిలిపిన కారులో అయితే గంట కూడా ఎక్కువే.

నల్లరేగడి దుమ్ము, పత్తి బేరగాళ్ళ కార్లలో దూది నుసి, ఇవన్నీ ఏసీ ఫిల్టరులో చేరతాయి. తడి తగిలితే బూజు పడుతుంది. ఏసీ వేయగానే ముక్క వాసన వస్తే, ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే, మెకానిక్‌కు చెప్పి ఫిల్టరు మార్పించండి. అత్తరు సీసా తగిలిస్తే వాసన కప్పబడుతుంది, బూజు అలాగే ఉంటుంది.

డిక్కీలో ఒక సంచి ఉంచుకోండి: రెండు మాస్కులు, గ్లవుజులు, పాత గుడ్డలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, సబ్బు బిళ్ళ, నీళ్ళ క్యాను, రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు.