భువనగిరి బండపై ఒక పూట

మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన సంగతి మనందరికీ తెలుసు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు నిండలేదు. వారికి తొలి పాఠాలు నేర్పింది మంచుకొండ కాదు, హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి కోట బండ. ఆ బండ మీదే మేము ఏడుగురం ఒక డిసెంబరు ఉదయం గడిపాం. వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పొద్దున్నే మొదలుపెట్టాలి. ఎండెక్కితే రాయి కాలుతుంది, చెమట చేతులు జారతాయి. తలకు హెల్మెట్, నడుముకూ తొడలకూ బిగించే హార్నెస్ తప్పనిసరి. ఒకరి కట్లు మరొకరు పట్టి చూడమన్నాడు శిక్షకుడు. మేము మొహమాటానికి చూసి ‘సరే’ అన్నాం. ఆయన వచ్చి చూస్తే మాలో ఒకరి పట్టీ కొస బకిల్‌లోంచి తిరిగి వెనక్కి దోపలేదు! బరువు పడితే ఊడివచ్చేదే. ఆయన కోప్పడలేదు. అందరి కట్లూ విప్పించి మొదటినుంచీ కట్టించాడు. అరగంట పోయింది.

తాడును హార్నెస్‌కు ఎనిమిది అంకె ముడితో కట్టి, జానెడు కొస మిగల్చాలి. ఆ తాడు పైనున్న గట్టి ఆధారం మీదుగా కిందికి వచ్చి, బిలే పరికరం గుండా కింద నిలబడ్డ మిత్రుడి చేతికి చేరుతుంది. మనం ఎక్కేకొద్దీ అతను వదులు లాగుతుంటాడు. జారితే ఆ తాడే ఆపుతుంది. అతని బ్రేకు చేయి మాత్రం తాడును వదలరాదు, దోమ కుట్టినా సరే.

ఎక్కేటప్పుడు అందరం చేసిన తప్పు ఒకటే, భయంతో బండను కౌగిలించుకోవడం. ఘర్షణ తలానికి లంబంగా పడే ఒత్తిడిని బట్టి ఉంటుందని ఇంటర్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. పొట్ట రాయికి ఆనితే ఆ ఒత్తిడిలో కొంత పొట్టకు పోయి, పాదాలకు తగ్గుతుంది. కాలు జారుతుంది. నడుము వెనక్కి ఉంచి, మడమలు దించి, బరువంతా కాళ్ళ మీదే మోపాలి. చేతులు నిలకడ కోసమే.

మాలో ఒకరి నాన్న గీత కార్మికుడు. మోకు మీద వెనక్కి వాలి, పాదాలు చెట్టుకు తన్ని ఎక్కుతాడు. “మా నాయిన చేసేది ఇదే గదా!” అంటూ ఆ మిత్రుడే అందరికన్నా ముందు పైకి చేరాడు. వాళ్ళ నాన్నకు కింద తాడు పట్టేవాళ్ళు లేరు, అంతే తేడా.

తాడుపై దిగడం ఇంకా కష్టం. అంచున నిలబడి శూన్యంలోకి వెనక్కి వాలాలి. ఒకరు వాలలేక కోట మెట్ల మీదుగా నడిచి దిగారు. సిగ్గుపడాల్సిందేమీ లేదన్నాడు శిక్షకుడు. ఆ మిత్రుడు ఒప్పుకోలేదు. సంక్రాంతి సెలవులకు మళ్ళీ వెళ్దామని రోజూ మా ప్రాణం తీస్తున్నాడు.