స్వాతి చినుకు పడని ముత్యాలు

స్వాతి కార్తెలో రాలిన చినుకు ముత్యపు చిప్పలో పడితే ముత్యమవుతుందని పెద్దల మాట. మన షేడ్‌నెట్ల కింద వేలాడుతున్న ముత్యాలకు మాత్రం ఆ చినుకే గండం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు కమ్మిందంటే, మూడో రోజు పొద్దున్నకు కుండీ నడుమ గింజల్లాంటి ఆకులు నీళ్లూరి, లోపలిది బయటికి కనిపించేలా పలచబడి, వేలు తగిలితే చితికిపోతాయి. అందుకే ఈ కార్తెలో పంట చేల ముచ్చట కాస్త పక్కన పెట్టి, నర్సరీ రైతుల కోసం ఈ ముత్యాల తీగ గురించి రాస్తున్నాను.

నర్సరీల్లో దీన్ని స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ అంటున్నారు. దక్షిణాఫ్రికా మొక్క. చామంతి కుటుంబంలో గ్రౌండ్‌సెల్ అనే పెద్ద జాతి ఉంది, శాస్త్రీయంగా సెనెసియో. లాటిన్‌లో ముసలివాడు అనే మాట నుంచి వచ్చిన పేరది. పువ్వు వాడాక విత్తనానికి జిల్లేడు దూదిలాంటి తెల్లటి నూగు వస్తుంది, ఆ నెరిసిన తలను చూసి పెట్టిన పేరు. ఈ తీగకు 1968లో హెర్మన్ యాకబ్సెన్ సెనెసియో రౌలియానస్ అని నామకరణం చేశారు. ఎడారి మొక్కల మీద జీవితమంతా పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త గోర్డన్ రౌలీ పేరు అలా దీనికి దక్కింది. 1999లో కూరియో అనే విడి జాతిలోకి మార్చారు. కేటలాగుల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. సెనెసియో రౌలియానస్ అన్నా, కూరియో రౌలియానస్ అన్నా ఒకటే మొక్క. కొత్త రకమనుకుని రెండోసారి డబ్బు పోయకండి.

దీన్ని సాకడం తెలియాలంటే ముందు దాని పుట్టింటిని మనసులో పెట్టుకోవాలి. మనం కుండీలో పెట్టి వేలాడదీస్తాం కానీ అది వేలాడే మొక్క కాదు. దక్షిణాఫ్రికా తూర్పు కేప్ ప్రాంతంలోని మెట్ట నేలల్లో, పొదల నీడన, రాళ్ల సందున నేల మీద పాకుతుంది. పాకిన చోటల్లా కణుపు దగ్గర వేరు వేసి చాపలా పరుచుకుంటుంది. ఆ వేళ్లు లోతుకు పోవు. వాన ఎప్పుడో పడుతుంది, పడ్డ నీరు రాళ్ల మధ్య నుంచి వెంటనే జారిపోతుంది. నెత్తిన పొద ఉంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగలదు, వెలుతురుకు మాత్రం కొదవుండదు. మనం చేయాల్సిన పనులన్నీ ఈ నాలుగు మాటల్లోంచే వస్తాయి.

ఒక గింజను తెంపి భూతద్దం కింద పెట్టి చూడండి. బఠాణీ కంటే చిన్నది, కొసన సూదిమొనంత ముక్కు ఉంటుంది. ఆ ముక్కు నుంచి తొడిమె దాకా ఒక పక్కన సన్నటి చార కనిపిస్తుంది, మిగతా ఆకుపచ్చ కంటే ముదురుగా, గాజులా మెరుస్తూ. అది ఆకుకు కిటికీ. ఆకు గుండ్రంగా ఉండడం వల్ల ఎండకు ఆరిపోయే పైభాగం తగ్గుతుంది, కానీ వెలుతురు లోపలికి చేరడం కష్టమవుతుంది. ఆ లోటును ఈ కిటికీ తీరుస్తుంది, వెలుతురు అందులోంచి దూరి లోపలి కండకు చేరుతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ చార వెడల్పుగా, తేటగా ఉంటుంది. దాహం పట్టేసరికి అంచులు దగ్గరకొచ్చి సన్నటి గీత మిగులుతుంది, గింజ మీద ముడతలు తేలతాయి. నీళ్లు ఎప్పుడు పెట్టాలో చెప్పేది ఆ గీతే. వారానికి రెండుసార్లు, పది రోజులకోసారి అని ఎవరు చెప్పినా పట్టించుకోకండి. కడియపులంక గాలిలో ఉన్న తేమ వేరు, మదనపల్లె గాలి వేరు.

నేను ఈ మొక్క మొదట తెచ్చిన ఏడాది చేసిన తప్పు చెబుతాను. ముసురు వెలిశాక గింజలు ముడుచుకుపోయి కనిపించాయి. పాపం దాహమేమో అనుకుని నీళ్లు పెట్టాను. మర్నాటికి ఇంకా ముడుచుకున్నాయి, మళ్లీ పెట్టాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కుండీ తిరగేసి చూస్తే ఒక్క తెల్లవేరు లేదు. వేళ్లు కుళ్లితే నీళ్లు పీల్చలేక కూడా గింజ ముడుచుకుంటుందని అప్పుడు తెలిసింది. నలభై కుండీల్లో మిగిలినవి ఆరు.

కాబట్టి తేడా పట్టుకోవడం నేర్చుకోవాలి. దాహమైతే గింజ ముడతపడినా రంగు పచ్చగానే ఉంటుంది, తీగ గట్టిగా ఉంటుంది, కుండీ ఎత్తి చూస్తే దూదిలా తేలిగ్గా ఉంటుంది. కుళ్లయితే మట్టి తడిగా, కుండీ బరువుగా ఉంటుంది, మొదట్లో తీగ గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది, గింజ పసుపు పడుతుంది. కుళ్లు కనిపిస్తే ఆ కుండీని బతికించాలని తంటాలు పడకండి. పైన బాగున్న తీగల్ని కోసి విడిగా తీసుకుని, మట్టిని పారేయండి. పక్క కుండీలకు ముందు జాగ్రత్తగా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయవచ్చు. అయితే మట్టి తడిసి ఉన్నప్పుడు మందు నీళ్లు కూడా నీళ్లేనని గుర్తుంచుకోండి, కాస్త ఆరాకే పోయాలి.

ఈ పక్షంలో అన్నిటికంటే ముందు చేయాల్సింది వాన ఆపడం. షేడ్‌నెట్ ఎండను ఆపుతుందే తప్ప వానను ఆపదు. దాని మీద 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు వాలుగా కప్పండి, పక్కలు మాత్రం తెరిచే ఉంచండి. గాలి ఆడకపోతే వాన తగలకపోయినా కుళ్లు తప్పదు. పాలీ దొరక్కపోతే కుండీలను వరండాలోకి, రేకుల కిందికి మార్చండి. తుపాను హెచ్చరిక వచ్చిందంటే రెండు రోజుల ముందు నుంచే నీళ్లు బంద్ చేయండి. నిండు కడుపుతో ముసురులోకి పోకూడదు ఈ మొక్క.

మట్టి సంగతి. గోదావరి ఒండ్రు మట్టి బంతికి, చామంతికి, గులాబీకి బంగారం. ఈ తీగకు పనికిరాదు. నర్సరీలో మామూలుగా కవర్లకు నింపే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన మిశ్రమం కూడా దీనికి బరువే. జల్లించి సన్నం తీసేసిన మోటు ఏటి ఇసుక గానీ పెర్లైట్ గానీ రెండు పాళ్లు, కోకోపీట్ ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక పాలు కలపండి. గుప్పెడు బొగ్గు ముక్కలో, ఇటుక రవ్వో వేస్తే ఇంకా మేలు. కుండీ నింపాక చెంబెడు నీళ్లు పోసి పది లెక్కపెట్టండి. ఆలోపే కింద బెజ్జాల నుంచి కారాలి, కారకపోతే ఇంకొంత ఇసుక కలపండి. కుండీ లోతుది కాకూడదు, నాలుగంగుళాలు చాలు. లోతు కుండీలో వేళ్లు చేరని అడుగు మట్టి వారాల తరబడి తడిగా ఉండిపోతుంది. మట్టి కుండీ అయితే పక్కల నుంచి కూడా ఆరుతుంది. ప్లాస్టిక్‌లో పెంచేవాళ్లు నీళ్లు అంతకంత తగ్గించాలి.

నీళ్లు పెట్టినప్పుడు పిసినారితనం వద్దు, కింద కారేదాకా పొద్దున్నే పెట్టండి. తర్వాత కిటికీ గీత సన్నబడేదాకా ముట్టుకోకండి. రోజూ చిలకరించడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. పైన తడి, లోపల పొడి, నడుమ కుళ్లు.

కుండీ నెత్తి బోడిగా, తీగలు మాత్రం కిందికి పచ్చగా వేలాడుతున్న మొక్కలు చాలా చోట్ల చూస్తున్నాను. దానికి కారణం ఎరువు లోపం కాదు, వెలుతురు లోపం. చూరుకు దగ్గరగా, ఎత్తుగా వేలాడదీస్తే వెలుతురు పక్కల నుంచి తగులుతుంది, కుండీ పైభాగం చీకట్లో ఉంటుంది. చీకట్లో ఉన్న తీగ గింజలు రాల్చేస్తుంది. నేల మీద పాకే మొక్కకు వెలుతురు నెత్తిన పడడమే అలవాటు. కుండీని ఒక మూర కిందికి దించండి, పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు పైభాగానికి తగిలేలా చూడండి. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం 75 శాతం నీడనిచ్చే నెట్ తప్పదు. ఇప్పటి నుంచి మాఘం దాకా 50 శాతం నెట్ సరిపోతుంది. ఇప్పటికే బోడిపడిన కుండీ ఉంటే, వేలాడే తీగల్లో పొడుగైనవి నాలుగు ఎత్తి, చుట్టలా మడిచి ఆ బోడి మట్టి మీద పరిచి, తలపిన్నులతో అక్కడక్కడా నొక్కిపెట్టండి. కణుపులు మట్టిని తాకిన చోట వేర్లు పుడతాయి. పుట్టింట్లో అది చేసేది ఇదే.

విశాఖ కార్తె దాటి మంచు మొదలయ్యాక తీగ ముక్కలు నాటండి. ముసురు పోయి చలి ముదరక ముందు, కార్తీకం నడుమ నుంచి మార్గశిరం దాకా దీనికి మంచి రోజులు. నాలుగంగుళాల తీగ కోసి, అడుగున రెండు మూడు గింజలు తీసేసి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. కోత గాయం ఎండి పెచ్చు కట్టాలి. పచ్చి గాయంతో మట్టిలో పెడితే కుళ్లును పిలిచి పీట వేసినట్టే. ఆరాక నిలువుగా గుచ్చకుండా మట్టి మీద పడుకోబెట్టి పిన్ను నొక్కండి. వేరు పట్టే రెండు మూడు వారాలూ పైమట్టి కొద్దిగా చెమ్మగా ఉంటే చాలు. ఒక్కో కుండీకి రెండు మూడు తీగలు పెట్టి అమ్మకానికి తొందరపడేవాళ్లున్నారు. కుండీ నిండా ఒత్తుగా పెట్టిన దానికీ దీనికీ చూడగానే తేడా తెలుస్తుంది, కొనేవాడి చేయి ఒత్తుగా ఉన్న దాని మీదే పడుతుంది.

ఇక పువ్వు. ఇది పూస్తుందని చాలామందికి తెలియనే తెలియదు. చిన్న కాడ మీద తెల్లటి కుంచెలా లేస్తుంది. చామంతికి ఉన్నట్టు చుట్టూ రేకులుండవు, అన్నీ సన్నటి గొట్టాల్లాంటి పూలే ఒక గుత్తిగా, వాటిలోంచి ఊదారంగు కేసరాలు తొంగిచూస్తూ ఉంటాయి. మన గట్ల మీది గడ్డిచేమంతి నడుమ పసుప్పచ్చ బొడిపె మాత్రమే ఉంచి, దాన్ని తెల్లగా ఊహించుకోండి, దగ్గరగా వస్తుంది. వాసన దాల్చినచెక్కది. మొదటిసారి పూసినప్పుడు వంటింట్లోంచి వస్తోందనుకుని నేను నర్సరీ అంతా తిరిగాను. ఒక్కో పువ్వు దాదాపు నెల రోజులు నిలుస్తుంది.

పూయించాలంటే వెలుతురు బాగా ఉండాలి, రాత్రుళ్లు చల్లగా ఉండాలి, ఆ రోజుల్లో నీళ్లు బాగా తగ్గాలి. హైదరాబాద్ చుట్టుపక్కల, మదనపల్లె వైపు, చింతపల్లి కొండల్లో మార్గశిర, పుష్య మాసాల చలి దీనికి సరిగ్గా సరిపోతుంది. కోస్తాలో రాత్రి చలి అంతగా ఉండదు కాబట్టి పువ్వు అరుదు. కడియం రైతులు కుండీలను రాత్రిపూట గాలి బాగా తగిలే బయలు వైపు పెట్టి చూడండి, ధనుర్మాసంలో మంచు నేరుగా పడకుండా మాత్రం జాగ్రత్త. ఎరువు విషయానికొస్తే 19-19-19 మామూలు మోతాదులో సగం కలిపి, నెలకోసారి, పెరుగుదల ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వండి. నత్రజని ఎక్కువైతే తీగ సాగుతుంది, గింజల మధ్య దూరం పెరుగుతుంది, హారం చెదిరినట్టుంటుంది. పూలు వాడాక కాడలు కత్తిరించేయండి.

పురుగుల్లో పిండినల్లి ఒక్కటే పెద్ద బాధ. గింజ తొడిమె దగ్గర దూదిపింజలా కూర్చుంటుంది. రెండు మూడు కుండీలకే ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ముందు ఒక్క కుండీ మీద చల్లి రెండు రోజులు చూశాకే మిగతావాటికి.

గట్టిగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఈ తీగ విషం. గ్రౌండ్‌సెల్ జాతుల్లో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లుంటాయి, ఈ జాతి కలుపు మేసి పశువులు చనిపోవడం యూరప్ రైతులకు పాత అనుభవం. కత్తిరించిన తీగల్ని గట్టు మీద పారేయడం మన దగ్గర అలవాటు. గట్టు మీదికి మేక వస్తుంది, గేదె వస్తుంది. గొయ్యి తీసి పూడ్చండి. ఇంట్లో పెట్టుకునేవాళ్లకు అమ్మేటప్పుడు పసిపిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందకుండా పెట్టమని చెప్పి అమ్మండి. చూడ్డానికి పచ్చి బఠాణీలా ఉంటుంది, పసివాళ్లకు ఆ తేడా తెలియదు. కత్తిరింపులు చేసేవాళ్లు చేతులకు గ్లౌజులు వేసుకోవడం మంచిది, కొందరి చర్మానికి తీగ రసం పడదు.

మొదటిసారి పెట్టేవాళ్లు దీని చుట్టం కూరియో రాడికాన్స్‌తో మొదలుపెడితే మేలు. అరటికాయ ఆకారపు ఆకులుంటాయి కాబట్టి నర్సరీల్లో స్ట్రింగ్ ఆఫ్ బనానాస్ అంటారు. త్వరగా పెరుగుతుంది, చిన్నాచితకా తప్పులకు ఓర్చుకుంటుంది, పువ్వుకు అదే దాల్చినచెక్క వాసన. ఆరు నెలలు దాన్ని బతికించగలిగితే ముత్యాల తీగ మీ చేతికి లొంగుతుంది.

లోడు పంపేటప్పుడు ఒక పని మర్చిపోకండి. మూడు నాలుగు రోజుల ముందే నీళ్లు ఆపి, గింజ కొద్దిగా మెత్తబడ్డాక ఎక్కించండి. నిండుగా నీళ్లున్న గింజ లారీ కుదుపుకు టపటపా రాలిపోతుంది. తీగల్ని కుండీ పైకి చుట్టగా మడిచి, కాగితంతో వదులుగా చుట్టి, అట్టపెట్టెకు గాలి బెజ్జాలు పెట్టండి. పాలిథిన్ కవరులో మూతి బిగించి పంపితే రెండో రోజుకే లోపల చెమట పడుతుంది. దిగిన చోట పెట్టె విప్పి వెలుతురులో పెట్టమనండి, నీళ్లు మాత్రం మర్నాడు పొద్దున్న పెట్టమనండి.