మారిన ఇంజను

నా కప్పుడు పదుమూడేండ్లు. 1996 వ సంవత్సరపు వేసవి సెలవులలో విజయవాడలోని మా మేనమామగారి యింట నుంటిని. ఆయనకు ఒక అంబాసిడరు టాక్సీ యుండెను. అదియే ఆ కుటుంబమునకు జీవనాధారము.

అంబాసిడరు కార్లు పశ్చిమ వంగ రాష్ట్రమందలి ఉత్తరపారాలో తయారగుచుండెడివి. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి నిర్మింపబడిన యీ బండ్లు 1958 మొదలు 2014 వరకు ఆ కార్ఖానా నుండి వెలువడెను. ముందుమూత నెత్తినచో ఇంజను చుట్టును చేతులు పెట్టుటకు కావలసినంత చోటు కనబడెడిది. ఏ తీగ యెక్కడినుండి యెక్కడికి పోవుచున్నదో పిల్లవాడైనను పోల్చుకొనగలడు. ఇంజనుపని నేర్చుకొనుటకు అంతకంటె మంచి బండి లేదని నా యభిప్రాయము.

ఆ వేసవిలో ఒకనాడు రేడియేటరు గొట్టము పగిలి నీరంతయు కారిపోయెను. మామయ్య దానిని గమనింపక బండిని నడిపెను. ఇంజను మితిమీరి వేడెక్కి పట్టివేసెను. సిలిండర్ల దిమ్మ పగిలినందున దానిని బాగుచేయుటకు వీలులేకపోయెను. పాత యినుము క్రింద అమ్ముడుపోయిన మరియొక అంబాసిడరు నుండి ఇంజను కొని, ఆటోనగరులోని యొక షెడ్డులో దానిని క్రొత్తగా కట్టించిరి. అది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను; 1489 ఘన సెంటీమీటర్లది. సిలిండర్లను అంగుళములో వేయింట నలుబది వంతులు, అనగా ఇంచుమించు ఒక మిల్లీమీటరు, పెద్దవి చేసి, క్రొత్త పిస్టనులను, రింగులను, బేరింగులను వేసిరి. దీనికై మామయ్య అప్పు చేసెను. అది పెండ్లిండ్ల కాలము. అయిదు బేరములకు బయానా పుచ్చుకొని యుండెను. మొదటి పెండ్లి ఎనిమిదవ నాడు.

ఇంజనును బండిలోనికి దింపిన సాయంకాలము సెల్ఫు నొక్కిరి. అది మూలుగుచు అతిమందముగా తిరిగి ఆగిపోయెను. బ్యాటరీ మార్చిరి. అయినను అట్లే మూలిగెను. షెడ్డులోని పనివారందరు, "క్రొత్త ఇంజను బిగువుగా నున్నది, అంతియే. లారీకి కట్టి లాగినచో అదియే వదులగును" అనిరి. మామయ్యకు అదియే సబబుగా తోచెను. త్రాడు కూడ తెచ్చిరి.

వృద్ధుడైన పెద్దమేస్త్రి ఒప్పుకొనలేదు. "బాబూ, బిగువో కాదో చేతికి తెలియును" అని నాలుగు స్పార్కు ప్లగ్గులను ఊడదీయించి, బండి ముందుభాగమున హ్యాండిలు పెట్టి త్రిప్పెను. ఇంజను ఒంటిచేతితో నిదానముగా, ఎక్కడను పట్టక తిరిగెను. చేతికి లొంగిన ఇంజను సెల్ఫునకు లొంగలేదనగా, దోషము ఇంజనులో లేదన్నమాట.

ప్లగ్గులు బిగించి మరల సెల్ఫు నొక్కించిరి. చోకు లాగి పట్టుకొమ్మని నన్ను ముందు సీటులో కూర్చుండబెట్టిరి. రెండుసారులు నొక్కుసరికి నా వ్రేళ్లు చురుక్కుమనెను. "మామయ్యా, ఈ తీగ కాలుచున్నది!" అని కేక వేసితిని. మామయ్య, "పిల్లవాని మాటలు" అనెను. మేస్త్రి మాత్రము వచ్చి తీగను తాకి, చిరునవ్వు నవ్వి, బండి క్రిందికి దూరెను.

బ్యాటరీకి రెండు కొనలు కలవు. ఒకదానిని బండి శరీరమునకే కలుపుదురు. రెండవదానినుండి బయలుదేరిన విద్యుత్తు సెల్ఫులో ప్రవేశించి, ఇంజను దిమ్మ గుండ బండి శరీరమును చేరి, బ్యాటరీకి మరలి పోవలయును. కాని ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును. రబ్బరు గుండ విద్యుత్తు పోదు. కావున ఇంజనునకును శరీరమునకును నడుమ అల్లిక రాగిపట్టీ నొకదానిని బిగింతురు. పాత ఇంజను దించునపుడు విప్పిన ఆ ఎర్తుపట్టీని క్రొత్తదాని నెక్కించునపుడు ఎవరును తిరిగి బిగింపలేదు. దారి తెగిన విద్యుత్తు ఇంజనునుండి శరీరమునకు పోవుటకు దొరికిన సన్నని దారిని పట్టినది. ఆ దారి చోకుతీగయే! మేస్త్రి ఒక లావుపాటి తీగతో ఇంజనును బ్యాటరీ ఎర్తు కొనకు కలిపి సెల్ఫు నొక్కించెను. ఇంజను గిరగిర తిరిగెను. పట్టీని బిగించిరి. త్రాడు దాని చోటికి పోయెను.

కాని ఇంజను అంటుకొనలేదు. సెల్ఫు చక్కగ తిరుగుచుండగా, కార్బురేటరు నోటినుండి 'ఫట్' మని మంట వెలువడెను. "ఇంక నొక్కవద్దు" అని మేస్త్రి గట్టిగా అరచెను. అంత తొందర యేలయని నాకప్పుడు తెలియలేదు. కట్టునపుడు లోపలి భాగములకు పూసిన చిక్కని నూనె, ఊరక త్రిప్పినకొలది రాచుకొనిపోవును. మండని పెట్రోలు సిలిండరు గోడలను కడిగివేయును. అట్టి స్థితిలో పది నిమిషములు త్రిప్పినచో, క్రొత్త ఇంజను ఒక్క మైలైనను నడువకమునుపే అరిగిపోవును.

మేస్త్రి మొదటి సిలిండరు ప్లగ్గును తీసి, ఆ రంధ్రముపై నా బొటనవ్రేలు పెట్టించి, హ్యాండిలును మెల్లగ త్రిప్పెను. పిస్టను ప్రతి చుట్టునందును ఒకమారు పైకి వచ్చును. కాని మంట పుట్టవలసినది రెండు చుట్ల కొక్కసారియే. ఒక రాకలో పొగ బయటికి పోవును. రెండవ రాకలో పెట్రోలు కలసిన గాలి అదుమబడును. కంటికి రెండును ఒక్కటే. వ్రేలికి మాత్రము భేదము తెలియును. కొంతసేపటికి గాలి నా వ్రేలిని బలముగా తన్నెను. "ఆగుము" అని మేస్త్రి డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూపెను. మొదటి సిలిండరు తీగవైపు చూడవలసిన లోపలి ముల్లు, దానికి సరిగా ఎదురుగానున్న నాలుగవ సిలిండరు తీగవైపు చూచుచుండెను. డిస్ట్రిబ్యూటరును త్రిప్పు చిన్న ఇరుసును అరచుట్టు తేడాతో దింపిరి. నాలుగవ సిలిండరులో పొగ పోయి, గాలి వచ్చు ద్వారము తెరచుకొను వేళకు నిప్పురవ్వ పడుచుండెను. ఆ మంటయే కార్బురేటరు దారిని వెలికి వచ్చెను.

ఆ ఇంజను మండు వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఒకటవ తీగను నాలుగవదానితోను, రెండవదానిని మూడవదానితోను మార్చినచో అప్పటికి పని జరుగును. పనివారు అట్లే చేయుదమనిరి. మేస్త్రి ఒప్పుకొనక, "రేపు మరియొక మెకానిక్కు దీనిని చూచి తికమకపడడా?" అని ఇరుసునే పైకి తీసి సరిగా అమర్చెను.

మరునాడు ప్లగ్గులు లేకుండ ఇంజనును కొంచెము త్రిప్పి, చమురు అన్ని దారులకు ఎక్కినట్లు పీడనమాపకములో ముల్లు లేచువరకు చూచి, ప్లగ్గులు బిగించి సెల్ఫు నొక్కిరి. వెంటనే అంటుకొనెను! మామయ్య సంతోషముతో దానిని నిదానముగా ఆడనిమ్మనెను. మేస్త్రి యాక్సిలరేటరును పట్టి, నిమిషమునకు ఇంచుమించు రెండువేల చుట్ల చొప్పున ఇరువది నిమిషములు ఆపకుండ నడిపించెను. అట్టి ఇంజనులలో కవాటములను లేపు క్యాము ఇరుసు ఉబ్బులు, క్రొత్త టాపెట్లపై రాచుకొనుచు తిరుగును. వానికి చమురు అధికముగ చేరునది క్రింది ఇరుసు వేగముగ తిరుగుచు చిమ్మినపుడే. మొదటి నిమిషములలో మందముగ తిరిగినచో ఆ ఉబ్బులు గీరుకొనిపోవును. నేటి పెక్కు కార్లలో టాపెట్లకు రోలర్లుండుటచే ఈ బాధ లేదు. రేడియేటరులో గాలి చిక్కుకొని వేడి ఒకమారు పెరిగెను. మూత తీసియుంచి నీరు చేర్చుచుండగా బుడగలు వెలువడి తగ్గెను. చల్లారిన పిమ్మట హెడ్డు నట్లను, టాపెట్ల సందును మరల సరిచూచిరి.

అంతట మేస్త్రికిని మామయ్యకును వాదము పుట్టెను. వేయి కిలోమీటర్లవరకు ఎడ్లబండివలె నడుపవలయునని మామయ్య నమ్మకము. మేస్త్రి ఆయనను గన్నవరము దారిలోనికి తీసికొనిపోయి, టాపు గేరులో గంటకు 40 నుండి 60 కిలోమీటర్ల వేగమునకు కొంచెము బలముగ లాగించి, వెంటనే యాక్సిలరేటరు వదలించెను. ఇట్లు పలుమారులు చేయించెను. నేనును వెనుక సీటులో నుంటిని.

పెద్దవి చేసిన సిలిండరు గోడపై, ఒకదాని నొకటి ఖండించునట్లు సన్నని గీతలు గీయుదురు. ఆ గీతల శిఖరములు తొలిపరుగులో అరిగి, రింగునకు గోడకు పొత్తు కుదురును. లోయలలో చమురు నిలుచును. రింగు తన స్ప్రింగు బలముచేతనే గోడ నదిమి పట్టునని పలువురు తలతురు. ఆ బలము స్వల్పము. మండిన వాయువు రింగు వెనుకకు జొరబడి దానిని గోడకు నొక్కును. బరువు లాగని ఇంజనులో ఆ నొక్కు చాలదు. రింగులు కుదురకమునుపే చమురు గోడపై కాలి మెరుగుపూతవలె గట్టిపడును. అటుపిమ్మట ఆ ఇంజను ఎప్పటికిని నీలిపొగ విడుచుచునే యుండును. మితిమీరిన వేగమును, ఎక్కువ బరువును కూడ తగవు. అప్పుడు పుట్టు వేడిమికి రింగులు గోడను చీరివేయును.

మొదటి రెండు దినములు వెనుక గొట్టమునుండి నీలిపొగ వచ్చెను. మామయ్య రాత్రులు నిద్రింపలేదు. ఉదయమున లేచి చమురుపుల్లను తీసి చూచుచుండెడివాడు. మూడువందల కిలోమీటర్లు తిరుగుసరికి పొగ పలుచబడెను. ఎనిమిదవనాటి బేరము శ్రీశైలము ఘాటురోడ్డు మీదుగా. ఏడుగురు మనుష్యులు, సామానులు. మామయ్య తటపటాయించి, ఆ బేరమును మరియొక టాక్సీవానికి అప్పగించి బయానా తిరిగి యిచ్చివేసెను. ఆ మాసపు వాయిదా సొమ్ము అత్తయ్య గొలుసు తాకట్టు పెట్టి కట్టిరి.

అయిదువందల కిలోమీటర్లు పూర్తియైననాడు చమురు మార్చుటకు షెడ్డునకు పోయితిమి. మేస్త్రి పాత చమురును కొంచెము తెల్లని గుడ్డపై పోసి ఎండలో పట్టెను. బూడిదవలె సన్నని మెరపు కనబడెను, పెళ్లలు లేవు. "రింగులు కుదురుకొనినవి, పొమ్ము" అనెను. మామయ్య ఆ గుడ్డను మడచి డాష్‌బోర్డులో పెట్టుకొనెను.