పెరటి మడులలో పిల్లుల బెడద

సాయంకాలము మన్ను గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, తోటకూర విత్తనము చల్లి నీరు చిలకరించిన మడి, తెల్లవారి చూచుసరికి రెండు మూడుచోట్ల గుంటలు పడి ఉండుట పెరటి తోట పెంచువారికి కొత్త కాదు. పటమటలో ఈ ఫిర్యాదు మరీ ఎక్కువగా వినబడును. 1985లో విజయవాడ నగరపాలక సంస్థలో కలియుటకు పూర్వము ఇది పంచాయతీ గ్రామము. నేడు ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉన్నవి. ఆ ప్రహరీ గోడలే పిల్లికి రహదారి. ఒక్క పిల్లి నేల దిగకుండ పది పెరళ్ళు తిరిగి రాగలదు. వీధి సిమెంటు, వాకిలి గచ్చు, పెరడు పలకరాళ్ళు. ఇవన్నియు పోగా ఆ చుట్టుపట్ల మెత్తని మన్ను మిగిలినది మీ మడిలో మాత్రమే. కావున అది అక్కడికే వచ్చును.

నివారణ వెదకుటకు ముందు దొంగ ఎవరో తేల్చుకొనవలెను. పందికొక్కు త్రవ్విన చోట లోతైన బొరియ, దాని మొదట తాజా మట్టి కుప్ప ఉండును. కోడి గీరిన మడిలో మన్ను నలుదిక్కుల చెదరి ఉండును, విత్తనము మిగలదు. కుక్క వెడల్పుగా త్రవ్వి చల్లదనమునకు అందులో పడుకొనును. పిల్లి బెత్తెడు లోతు త్రవ్వి, పని ముగించుకొని, మన్ను తిరిగి కప్పిపోవును. పుల్లతో కదిపిన చాలు, వాసనయే సంగతి చెప్పును. ఇంకను అనుమానమున్న యెడల రాత్రి మడి చుట్టు జల్లెడ పట్టిన బూడిద పలుచగా చల్లి ఉదయము అడుగులు చూడుడు. పిల్లి అడుగు గుండ్రముగా, నాలుగు వేళ్ళతో, గోళ్ళ గుర్తు లేకుండ ఉండును. కుక్క అడుగులో గోళ్ళు కనబడును.

ఈ బూడిద పరీక్ష చేయక నేను చేయబోయిన పొరపాటు చెప్పెదను. పటమటలో అద్దెకున్న ఇంటి పెరటిలో మూడడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు మడి కట్టి వరుసగా మూడుసార్లు తోటకూర చల్లినాను. మూడుసార్లు పోయినది. రైతులకు పందికొక్కుల నివారణ చెప్పు ఉద్యోగము గనుక నాకు ప్రతి గుంటయు పందికొక్కుదే అనిపించినది. విషపు ఎర పొట్లము తెచ్చి గూటిలో పెట్టి, మరునాటి రాత్రి వాడుదమనుకొన్నాను. ఉదయము పక్కింటి పెద్దావిడ గోడమీదుగా మడి చూచి, "ఏం నాయనా, మా బుజ్జిగాడు మళ్ళీ పాడుచేశాడా?" అన్నారు.

"ఆ పిల్లి మీదేనా పిన్నిగారూ?"

"మాదని ఏముంది? పాలు పోస్తే తాగుతాడు, పోతాడు. మూడేళ్ళనుంచీ వస్తున్నాడు."

ఆ పొట్లము ఒక్క రోజు ముందు విప్పి ఉన్నచో, పందికొక్కు మాట ఎట్లున్నను, ఆ ఇంటివారికి నా ముఖము చూపలేకపోయెడివాడను.

తప్పు నాదే. తోటకూర విత్తనము మరీ సన్నము గనుక సమముగా పడుటకు ఇసుక కలిపి చల్లుమని మేమే చెప్పుదుము. నేను కలుపుటయే గాక పైన కూడ కృష్ణ ఇసుక పొర పోసినాను. వదులు నేల, దానిపై పొడి ఇసుక. పిల్లికి ఇంతకంటె అనువైన మరుగుదొడ్డి ఏ ఇంజనీరును కట్టలేడు. ఒకసారి వాడిన చోటికి ఆ వాసన పట్టి మరల మరల వచ్చును.

మనకు తెలియకుండ పిలుచు మార్గములు మరి రెండు ఉన్నవి. చేప కడిగిన నీరు మొక్కలకు బలమని మడిలో పోయుట మన డెల్టాలో చాల ఇండ్లలో అలవాటు. బలమే, కాని ఆ వాసన గోడ దాటి పోవును. ఆ నీరు దూరముగా ఒక కొబ్బరి పాదులో పోసి మన్ను కప్పవలెను. రొయ్య పొట్టు, చేప తలలు ఎరువు గుంటలో పైపైన వేయరాదు. రెండవది కుప్పింటాకు మొక్క. కొందరు పిప్పింటాకు అందురు. పెరళ్ళలో దానంతట అదే మొలచు ఈ కలుపు మొక్క వేరు వాసనకు పిల్లులు మత్తెక్కినట్లు దొర్లును. కలుపు తీసి వేళ్ళతో సహా మడి గట్టున పడవేసిన యెడల రాత్రి పిల్లులకు విందు పిలుపు పంపినట్లే. పీకిన వెంటనే దూరముగా పారవేయుడు.

ఇక మడిని కాపాడు పద్ధతి. విత్తినది మొదలు మొక్కలు నేలను కప్పువరకే కావలి అవసరము. ఆకు ఆకు కలిసిన పిమ్మట పిల్లికి త్రవ్వుటకు చోటుండదు. తోటకూర, గోంగూర వంటివి నాలుగైదు రోజులలో మొలచును గనుక ఇబ్బంది కొద్దికాలమే. కొత్తిమీరకు ఎనిమిది పది రోజులు పట్టును, అందుచే దానికే ఎక్కువ నష్టము. నాలుగు మూలల, మధ్య మధ్య, బెత్తెడు ఎత్తు మేకులు పాతి, వాటిపై కోళ్ళ గూళ్ళకు వాడు అంగుళము కన్నుల తీగవల బిగువుగా పరచి అంచులపై ఇటుకలు పెట్టవలెను. నీరు పైనుండియే పోయవచ్చును. మొక్కల కొనలు వలకు తగులగానే తీసివేయవలెను. ఆలసించిన యెడల కాడలు కన్నులలో ఇరుకుకొని తీయునప్పుడు విరుగును.

వంగ, టమాటా నారు దూరదూరముగా నాటిన చోట వల కంటె కంది పుల్లలు మేలు. మొక్కల నడుమ బెత్తెడుకొకటి చొప్పున, జానెడు పైకి ఉండునట్లు గ్రుచ్చవలెను. పిల్లికి కూర్చుండి తిరుగుటకు ఖాళీ దొరకకపోవుటే ఇందలి రహస్యము. తుమ్మ కంప కొందరు పరచుదురు. పనిచేయును గాని ఆ ముండ్లు ముందుగా గ్రుచ్చుకొనునది మీ పిల్లల కాళ్ళకు. వరిగడ్డి పరచుట చలికాలములో పొరపాటు. పిల్లి వచ్చి వెచ్చగా పడుకొనును. మేడమీద కుండీలలో పెంచువారు మొక్క మొదట గులకరాళ్ళు పరచిన చాలును.

తడి మన్ను పిల్లికి నచ్చదు. వేసవిలో సాయంకాలము నీరు పెట్టుట అందుకు సాయపడును. వర్షాకాలములో మాత్రము నారుమడి రాత్రంతయు తడిగా ఉన్న నారుకుళ్ళు వచ్చును గనుక ఉదయమే నీరిచ్చి వలను నమ్ముకొనుడు.

ఇంత చేసినను పిల్లికి ఒక చోటు కావలెను గదా. పెరటి చివర, గోడ వారగా, మూడడుగుల చదరములో పొడి ఇసుక పోసి వదలుడు. మడి మూసి, ఇది తెరచి ఉంచిన యెడల పిల్లి ఇక్కడికి మరలును. ప్రతిదినము పారతో తీసి కూరమడులకు దూరముగా లోతుగా పూడ్చవలెను. ఎరువు గుంటలో వేయరాదు.

ప్రతిదినము అనుటకు కారణమున్నది. కొన్ని పిల్లుల మలములో టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి గుడ్లు ఉండును. అవి వెలువడిన వెంటనే అంటవు, ఒకటి నుండి ఐదు రోజులలో అంటుకొను దశకు వచ్చును. ఆ పిమ్మట తేమ నేలలో నెలల తరబడి బ్రతుకును. ఆరోగ్యవంతులకు సాధారణముగా హాని తక్కువ. గర్భవతికి మొదటిసారి సోకిన యెడల కడుపులోని శిశువునకు ప్రమాదము. ఆమెను ఈ మడి పనికి పంపరాదు. మిగిలినవారు చేతికి తొడుగు వేసికొని, పని అయిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. ఉడికించిన కూరకు భయము లేదు. పచ్చిగా వాడు కొత్తిమీర, పుదీనా, ముల్లంగి పారునీటిలో బాగుగా కడుగవలెను. పిల్లి గీరినను కరచినను గాయమును పదిహేను నిమిషములు సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి పోవలెను. పిల్లి వలన కూడ రేబిస్ రావచ్చును.

గేటుకు కట్టు రంగునీళ్ళ సీసాల వలన ఏ ప్రయోజనమును లేదు. ఫినాయిలు, కలరా ఉండలు మడిలో వాడకుడు. ఫినాలు జాతి మందులను పిల్లి శరీరము విరుచుకొనలేదు. పాదాలకు అంటినది నాకి చచ్చును, మీ మొక్కల వేళ్ళును మాడును. విషము పెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద జంతువును విషమిచ్చి చంపినవారికి ఐదు సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చును. ఒక పిల్లి పోయిన ఆ చోటికి మరియొకటి వచ్చును. తొమ్మిది వారాల చూలుతో ఏడాదికి రెండు మూడు ఈతలు ఈను జంతువు అది. పాలు పోయు ఇల్లు ఏదో కనుగొని, పశువుల ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుటకు వీధివారు తలా కొంత వేసికొనిన సంఖ్య పెరుగదు.

పిన్నిగారితో మాట్లాడి ఇసుక గుంట ఆమె గోడవైపే పెట్టినాను. నాలుగవసారి చల్లిన తోటకూరకు వల తీయుచుండగా ఆ పిల్లి గోడపై కూర్చుండి చూచినది, దిగలేదు. వల చుట్టి కొత్తిమీర మడికి మార్చినాను.