వాన ఎంత కురిసింది? వర్షపాతాన్ని కొలవడం, పోల్చడం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రాత్రంతా వాన దంచి కొట్టిందనుకోండి. తెల్లవారాక కుళాయి దగ్గర మాటలు ఎలా సాగుతాయో మీకు తెలుసు.

"రాత్రి ఏం వాన బాబూ! పదేళ్లలో ఇంత వాన చూడలేదు."

"అంతేం లేదు తాతగారూ, పోయిన ఏడు ఇంతకంటె ఎక్కువే పడింది. మా పెరట్లో బకెట్టు నిండి పొర్లిపోయింది."

"మీ బకెట్టు చూరు కింద ఉంది కదయ్యా! పెంకుల మీది నీళ్లన్నీ అందులోనేగా పడేది?"

ఇద్దరిలో ఎవరి మాట నిజం? పెద్దాయన ప్రమాణం ఆయన జ్ఞాపకం. కుర్రవాడి ప్రమాణం బకెట్టు. రెండూ వాన పడిందని చెబుతాయే గాని ఎంత పడిందో చెప్పలేవు. ఆ 'ఎంత'ను తేల్చడమే ఈ పాఠంలో మన పని. ఈ పాఠం చదివిన తరవాత మీరు ఇంట్లో దొరికే వస్తువులతో వర్షమాపకం తయారుచేసుకోగలుగుతారు, వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో లెక్కకట్టగలుగుతారు, రెండు చోట్ల కొలతలను ఎప్పుడు పోల్చవచ్చో, ఎప్పుడు పోల్చకూడదో చెప్పగలుగుతారు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

వానకు కొలత ఎత్తే ఎందుకు?

పాలను లీటర్లలో కొలుస్తాం, బియ్యాన్ని కిలోల్లో తూస్తాం. వానను మాత్రం మిల్లీమీటర్లలో, అంటే ఎత్తులో చెబుతాం. కారణం ఇది. కురిసిన నీరు ఇంకిపోకుండా, పారిపోకుండా, ఆవిరి కాకుండా నేల మీద సమంగా నిలిచి ఉంటే ఎంత మందాన ఉండేదో అదే వర్షపాతం. ఎత్తుగా చెబితే పాత్ర చిన్నదా పెద్దదా అన్న తగాదా ఉండదు. నిలువు గోడలున్న గంగాళాన్నీ, నిలువు గోడలున్న చిన్న డబ్బానూ పక్కపక్కన ఆరుబయట పెట్టి చూడండి. గంగాళంలో నీళ్లు ఎక్కువ ఉంటాయి, కాని ఎత్తు రెండింటిలో ఒకటే. బకెట్టుకు పైన వెడల్పు, అడుగున ఇరుకు. అందువల్ల అందులోని ఎత్తు వాన ఎత్తు కాదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. ఈ ఒక్క లెక్క వస్తే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

వానను కొలవడం మనకు కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు పాత్ర నుంచి వానను కొలవాలని ఉంది. ఏ ప్రాంతంలో ఎంత వానకు ఏ పంట వేయాలో అక్కడే చెప్పారు. నేటి పద్ధతిలో దేశమంతటా లెక్కలు సేకరిస్తున్న భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది.

వర్షమాపకం తయారు చేద్దాం

ఒక గరాటు, మూతి చిన్నదైన సీసా, మందుల దుకాణంలో దొరికే మిల్లీలీటర్ల గుర్తులున్న కొలపాత్ర తెచ్చుకోండి. గరాటును సీసా మూతికి బిగించండి. సీసా ఏ ఆకారంలో ఉన్నా ఫరవాలేదు. వానను పట్టేది గరాటు నోరు. కనుక దాని వైశాల్యమే మనకు కావాలి.

గరాటు నోటి అడ్డకొలత 14 సెంటీమీటర్లు అనుకుందాం. వ్యాసార్థం 7 సెంటీమీటర్లు. వైశాల్యం 22/7 × 7 × 7 = 154 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు అంటే సెంటీమీటరులో పదోవంతు కాబట్టి, ఈ గరాటులో ఒక మిల్లీమీటరు వాన పడితే సీసాలోకి 15.4 మిల్లీలీటర్లు చేరతాయి. పొద్దున సీసాలో 770 మిల్లీలీటర్లు ఉన్నాయనుకోండి. 770 ÷ 15.4 = 50. అంటే 50 మిల్లీమీటర్ల వాన. వాతావరణ శాఖ వాడే ఒక రకం వర్షమాపకానికి నోరు 200 చదరపు సెంటీమీటర్లు. దానిలో మిల్లీమీటరుకు 20 మిల్లీలీటర్లు.

సాధనం తయారుచేయడం తేలిక. దాన్ని సరైన చోట పెట్టడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. చెట్టు కింద వద్దు. గోడ పక్కన వద్దు. డాబా మీదా వద్దు, అక్కడ గాలి ఎక్కువ. చినుకులు ఏటవాలుగా గరాటును దాటిపోతాయి. దగ్గరలో ఉన్న గోడ గాని చెట్టు గాని ఎంత ఎత్తుందో, దానికి కనీసం రెండింతల దూరంలో ఆరుబయట ఉంచండి. శాఖవారి మామూలు వర్షమాపకం అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంతకంటె కిందికి పెడితే నేల మీద పడి చిందిన నీరు లోపలికి వస్తుంది. పిల్లలు, మేకలు తన్నకుండా నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టండి. మేకల సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు.

కాలనీలో మూడు ఇళ్లవారు ఒకే రాత్రి వానను కొలిచారనుకుందాం. మైదానంలో పెట్టినవారికి 82, డాబా మీద పెట్టినవారికి 68, వేపచెట్టు కింద పెట్టినవారికి 51 మిల్లీమీటర్లు వచ్చాయి. మూడింటినీ కలిపి మూడుతో భాగిస్తే సరైన జవాబు వస్తుందా? రాదు. డాబా గాలినీ, వేపచెట్టు ఆకులనూ కూడా వానతో కలిపి కొలిచినట్లవుతుంది. సరిగా పెట్టిన ఒక్క సాధనం, తప్పుగా పెట్టిన పదింటికంటె మేలు.

ఏ వేళ కొలవాలి?

మన దేశంలో రోజుకు ఒకసారి, ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. నిన్న ఉదయం 8.30 నుంచి ఈ రోజు ఉదయం 8.30 వరకు పడినదంతా ఈ రోజు తేదీ కింద రాస్తారు. ఇది కొత్తవారిని తికమక పెడుతుంది. జులై 26 సాయంత్రం పడిన వాన జులై 27 లెక్కలోకి వస్తుంది. ఒకరు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి, మరొకరు పొద్దున నుంచి పొద్దునకు లెక్కిస్తే ఇద్దరి అంకెలూ కలవవు, వాన ఒకటే అయినా సరే.

ఇరవైనాలుగు గంటల్లో పడిన వానను బట్టి వాతావరణ శాఖ దానికి పేరు పెడుతుంది. రేడియోలో వినే 'భారీ వర్షం' అన్న మాట ఊరికే అన్నది కాదు. 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వరకు మోస్తరు వర్షం. 64.5 నుంచి 115.5 వరకు భారీ వర్షం. 115.6 నుంచి 204.4 వరకు అతిభారీ వర్షం. అది కూడా దాటితే అత్యంత భారీ వర్షం. 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే ఆ రోజును వాన రోజుగా లెక్కిస్తారు.

పాఠ్యాంశ ప్రశ్నలు 1

(అ) గరాటు వ్యాసార్థం 7 సెంటీమీటర్లు, సీసాలో నీరు 1,078 మిల్లీలీటర్లు. వర్షపాతం ఎంత? దాన్ని ఏమంటారు?
(ఆ) 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న క్వార్టరు కప్పు మీద ఆ వాన ఎన్ని లీటర్లు పడి ఉంటుంది?

పక్క ఊరితో పోల్చినప్పుడు

వాన అందరికీ సమంగా పంచదు. 2005 జులై 26న ముంబయిలో శాంతాక్రూజ్ కేంద్రం ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు నమోదు చేసింది. పాతిక కిలోమీటర్ల దూరంలో కొలాబాలో పడింది సుమారు 74. 'ముంబయిలో ఎంత పడింది' అని అడిగితే ఈ రెండింటిలో ఏది చెప్పాలి? రెండూ చెప్పాలి, చోటు పేరుతో సహా.

మరి అంత పెద్ద అంకెను నమ్మడం ఎలా? ఇక్కడే ఇరుగుపొరుగు కొలతలు సాక్ష్యానికి వస్తాయి. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన ఇరవైనాలుగు గంటల్లో తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. 2013 జులైలో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్ల రికార్డును అది దాటింది. ఒక్క చోటే అంత వస్తే యంత్రం చెడిందేమోనని అనుమానించవచ్చు. కాని అదే రోజు భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు వచ్చింది. మోరంచపల్లి గ్రామం ఆ ఉదయమే వాగు నీటిలో మునిగింది. అంకెలూ, వాగూ ఒకే మాట చెప్పాయి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో 1997 జులై 28న వరద వచ్చి ఐదుగురు చనిపోయారు. ఊరి పడమర అంచున 14 అంగుళాలకు పైగా, తూర్పు వైపు రెండు అంగుళాల లోపు పడినట్లు తరవాత తెలిసింది. మధ్యలో సాధనాలు లేక ముందుగా ఎవరికీ అంతు చిక్కలేదు. ఆ అనుభవంతో 1998లో అక్కడి విశ్వవిద్యాలయం మామూలు గృహస్థులను కూడగట్టింది. ఒకే రకం గొట్టం, ఒకే రకం నియమం, రోజూ పొద్దున ఒక కొలత. ఈ స్వచ్ఛంద సంఘం, కోకోరాస్, తరవాత ఆ దేశమంతటా పాకింది. అందులో ఉన్నది ఉపాధ్యాయులు, రైతులు, పదవీ విరమణ చేసినవారు, బడిపిల్లలు. మీవంటివారే.

మంచు కురిసే చోట

బిలాస్‌పూర్‌లో మంచు కురవదు. కాని న్యూజెర్సీలో ఉన్న మన బంధువులు ఫోనులో 'మోకాలి లోతు మంచు' అన్నప్పుడు ఆ లోతును ఎలా తేల్చారని అడగవచ్చు. తెల్ల రంగు వేసిన చెక్కపలకను ఆరుబయట పెట్టి, దాని మీద పేరుకున్న మంచును స్కేలుతో కొలుస్తారు, పలకను తుడిచి మళ్లీ పెడతారు. ఎంతసేపటికోసారి తుడవాలన్నదే చిక్కు. దూదిలాంటి మంచు తన బరువుకు తానే అణుగుతుంది. గంటగంటకూ తుడిచి కొలిచి కూడితే, అణగకముందటి మంచు కాబట్టి మొత్తం ఎక్కువ వస్తుంది. అందుకే రోజుకు నాలుగుసార్లకు మించి తుడవరాదని నియమం.

2016 జనవరిలో అమెరికా తూర్పు తీరాన పెద్ద మంచు తుఫాను వచ్చింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 26.8 అంగుళాలని ప్రకటించారు. 2006 ఫిబ్రవరి నాటి 26.9 అంగుళాల రికార్డుకు అంగుళంలో పదోవంతు తక్కువ! తరవాత నిపుణులు కాగితాలు తిరగేసి అది 27.5 అని సరిదిద్దారు. రికార్డు మారింది. పక్కనే ఉన్న నెవార్క్ విమానాశ్రయపు 28.1 అంగుళాల అంకెను, కొలిచిన పద్ధతి సరికాదని పక్కన పెట్టారు. వాషింగ్టన్ విమానాశ్రయంలో కొలపలకే మంచు కింద కనపడకుండా పోయింది. అంత సంపన్న దేశంలో కూడా చివరికి అంకె నిలబడేది కొలిచిన మనిషి నియమం పాటించాడా లేదా అన్నదాని మీదే.

మంచును కరిగించి నీటి ఎత్తు కూడా కొలుస్తారు. సుమారుగా పది సెంటీమీటర్ల మంచుకు ఒక సెంటీమీటరు నీరు వస్తుంది. పొడి మంచుకు ఇంకా తక్కువ, తడి మంచుకు ఎక్కువ. మన దగ్గర మార్చి నెలలో వడగళ్లు పడితే ఇదే పని చేయండి. గరాటులో చిక్కుకున్నవాటిని కరగనిచ్చి నీటిని కొలవండి. పెద్ద వడగల్లు దొరికితే కరిగేలోపు దాని అడ్డకొలత స్కేలుతో చూసి రాయండి. 'నిమ్మకాయంత' అన్నది కొలత కాదు, నిమ్మకాయలు నానా రకాలు.

కల్వర్టు కింద ఎంత నీరు?

ఈ కొలతలు మనకెందుకని అనిపించవచ్చు. బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు ఇక్కడ పట్టాల మీద, షెడ్డుల్లో పనిచేస్తున్నాయి. 2003 నుంచి దక్షిణ పూర్వ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. వానాకాలంలో రాత్రివేళ లైను వెంట లాంతరుతో నడిచే పెట్రోల్‌మన్ కుటుంబానికి 'ఎంత వాన' అన్నది కబుర్ల విషయం కాదు.

ఒక చిన్న కల్వర్టుకు రెండు చదరపు కిలోమీటర్ల నేల నుంచి నీరు వస్తుందనుకుందాం. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ నేల మీద 20 కోట్ల లీటర్లు పడినట్లు. సగం ఇంకి, సగం పారిందనుకుంటే 10 కోట్ల లీటర్లు ఆ తూము గుండా పోవాలి. ఇరవైనాలుగు గంటల్లో నిదానంగా పోతే సెకనుకు సుమారు 1,160 లీటర్లు. అదే రెండు గంటల్లో వచ్చి పడితే సెకనుకు 13,900 లీటర్లకు దగ్గర. వాన మొత్తం ఒకటే, ప్రవాహం పన్నెండింతలు. అందుకే మొత్తంతో పాటు వాన మొదలైన వేళ, ఆగిన వేళ కూడా మీ పుస్తకంలో రాయాలి.

2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర ఇదే జరిగింది. ఎగువన చెరువు తెగి వచ్చిన నీరు చిన్న రైలు వంతెనను కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజరు వచ్చి అందులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కొన్ని రోజులపాటు ఆ మార్గంలో రైళ్లు ఆగాయి.

వలిగొండలో నీరు పడిన చోటు వేరు, ప్రమాదం జరిగిన చోటు వేరు. బిలాస్‌పూర్‌లో అర్పా నది కూడా అంతే. ఉత్తరాన పెండ్రా కొండల వైపు వాన పడితే ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా నది పొంగుతుంది. కనుక మీ పెరటి కొలత ఒక్కటే చాలదు. ఎగువ ఊళ్లో ఉన్న చుట్టానికో, స్నేహితునికో ఈ పాఠం చూపించి అక్కడ కూడా ఒక సీసా పెట్టించండి. 8.30కి ఇద్దరూ ఫోనులో అంకెలు చెప్పుకోండి. వంతెన స్తంభాల మీద రైల్వేవారు ప్రమాద మట్టాన్ని రంగుతో గుర్తు పెడతారు. నీరు ఆ గీతకు దగ్గరవుతున్నట్లు కనిపిస్తే మీ పుస్తకంలో రాసుకుంటూ కూర్చోవద్దు, ముందు దగ్గరి స్టేషనుకు కబురు చేయండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 2

(అ) ఒక ఊరిలో 90, పక్క ఊరిలో 20 మిల్లీమీటర్లు వచ్చాయి. రెండో సాధనం చెడిందని చెప్పే ముందు ఏమేమి అడగాలి?
(ఆ) మూడు చదరపు కిలోమీటర్ల నేల మీద 80 మిల్లీమీటర్ల వాన పడి, సగం పారితే ఎన్ని లీటర్లు?

జవాబులు

1. (అ) 70 మిల్లీమీటర్లు, భారీ వర్షం. (ఆ) 2,800 లీటర్లు.

2. (అ) ఇద్దరూ ఒకే వేళకు కొలిచారా, సాధనం ఆరుబయట ఉందా, గరాటులో ఆకు అడ్డుపడిందా, మూడో ఊరివారి కొలత ఎంత. ఇవన్నీ సరిగా ఉంటే రెండు అంకెలూ నిజమే కావచ్చు. (ఆ) 12 కోట్ల లీటర్లు.