ఆసుపత్రుల బాట: డెయిరీ సర్కిల్ పరిసరాలు

బెంగళూరులో లాల్‌బాగ్ ప్రధాన ద్వారం నుంచి డెయిరీ సర్కిల్ వరకు సాగేది డాక్టర్ మరిగౌడ రోడ్డు. ఉద్యానశాఖకు అధిపతిగా పనిచేసి లాల్‌బాగ్‌ను తీర్చిదిద్దిన శాస్త్రజ్ఞుని పేరు అది. విల్సన్ గార్డెన్ మీదుగా వచ్చే హోసూరు రోడ్డు దీనితో కలుస్తుంది. డెయిరీ సర్కిల్ వద్ద బన్నేరుఘట్ట రోడ్డు మొదలవుతుంది. నిడివి చూస్తే కొద్ది కిలోమీటర్లే. అయినా దక్షిణ భారతంలో ఇంత మంది రోగుల ఆశలను మోసే దారులు అరుదు.

నిమ్హాన్స్ ఇక్కడే ఉన్నది. 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను, మైసూరు ప్రభుత్వపు పాత మానసిక వైద్యశాలను 1974లో ఒకటిగా కలిపి దీనిని నెలకొల్పారు. దాని పొరుగున 1973లో ప్రారంభమైన కిద్వాయ్ క్యాన్సర్ సంస్థ. ఆ చుట్టుపక్కలనే ఎముకల గాయాలకు సంజయ్ గాంధీ సంస్థ, పసిబిడ్డలకు ఇందిరా గాంధీ శిశు ఆరోగ్య సంస్థ. బన్నేరుఘట్ట రోడ్డులో మరికొంత ముందుకు సాగితే హృద్రోగాలకు జయదేవ. అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చే రోగి ఉత్తరాన హెబ్బాళ వద్ద ప్రవేశించి నగరమంతా దాటవలసి ఉండగా, చిత్తూరు వైపు నుంచి వచ్చేవారు తూర్పున కృష్ణరాజపురం మీదుగా ప్రవేశిస్తారు. హోసూరు ప్రాంతపు తెలుగువారికి మాత్రం దారి తిన్నగా ఇక్కడికే చేరుతుంది.

ఇన్ని ఆసుపత్రులు ఒకచోట ఉండటం వరమే గాని, అందులో ఒక చిక్కు ఉన్నది. ఒక్కొక్కటి ఒక్కొక్క రోగానికే ప్రత్యేకం. గుండెపోటు వచ్చిన మనిషిని, పేరు పెద్దది గదా అని నిమ్హాన్స్ గేటు వద్ద దింపితే అక్కడి నుంచి మరల జయదేవకు తరలించవలసి వస్తుంది. ఆ సమయం తిరిగి రాదు. తలకు దెబ్బ తగిలినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చేయి, కాలు చచ్చుబడినా, మాట తడబడినా అది మెదడుకు సంబంధించినది. అటువంటప్పుడు నిమ్హాన్స్ సరియైన చోటు. పక్షవాతంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అందువల్ల లక్షణం మొదలైన వేళను గడియారం చూసి గుర్తుంచుకోవడం బంధువుల మొదటి బాధ్యత. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలలో అదొకటి. ఎటు వెళ్ళాలో తోచనప్పుడు 108కు ఫోన్ చేయడమే మేలు. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ సేవ 2008 నుంచి కర్ణాటకలోనూ నడుస్తున్నది.

ఇక వాహనాల సంగతి. అంబులెన్సు ఆగిపోయేది తరచుగా నడిరోడ్డున కాదు, సర్కిల్‌కు ముందు నిలిచిన వరుసలో. ఒక బండి వెనుక మరొకటి ఆనుకొని నిలబడితే, తప్పుకోవాలన్న మనసున్నా తప్పుకొనే చోటుండదు. ముందున్న వాహనపు వెనుక చక్రాలు కనిపించేంత ఎడం విడిచి ఆగిన చోదకుడు మాత్రమే ఎడమకు జరగగలడు. సైరన్ విన్న తరువాత పాటించే మర్యాద కంటే వినకముందు విడిచిన ఆ జానెడు చోటే ఎక్కువ ఉపకారం చేస్తుంది. దారి ఇచ్చినట్లే ఇచ్చి, వెంటనే అంబులెన్సు వెనుక పరుగుతీసే ద్విచక్రవాహనదారులు కొందరున్నారు. వెనుక రెండవ అంబులెన్సు ఉండవచ్చునన్న ఊహ వారికి రాదు. ఈ రోడ్డుపై అది తరచుగా నిజమే. మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షను ప్రకారం అత్యవసర వాహనానికి దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చితే పోలీసుల బెడద తప్పదన్న భయం పాతది. 134ఎ సెక్షను వచ్చిన తరువాత దానికి ఆధారం లేదు. సదుద్దేశంతో సహాయం చేసినవారిని తమ పేరు, చిరునామా చెప్పుమని ఎవరూ ఒత్తిడి చేయరాదు. ప్రాణాపాయంలో ఉన్నవారికి ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా తక్షణ చికిత్స అందించడం వైద్యుల విధి అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్, రాత్రి 40. హారన్ ఒక్కసారి మోగినా ఈ హద్దు దాటుతుంది. గోడకు అవతల శస్త్రచికిత్స చేయించుకొన్న తలతో పడుకొన్నవాడికి ఆ మోత ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

కిద్వాయ్ రోగులది వేరొక కష్టం. రేడియేషన్ చికిత్స వారాల తరబడి సాగుతుంది. అనేకులు సమీపంలో గది తీసుకొని దినదినమూ నడచివస్తారు. నీరసించిన కాళ్ళతో రోడ్డు దాటుతారు. సిగ్నల్ పచ్చబడినా అటువంటివారు మధ్యలో ఉంటే ఆగవలసినది వాహనమే. కొత్తగా వచ్చినవారికి కన్నడంలో రెండు మాటలు తెలిస్తే చాలును: 'ఆస్పత్రె ఎల్లిదె?' అంటే ఆసుపత్రి ఎక్కడ అని, 'దారి బిడి' అంటే దారి విడవండి అని. రెండవ మాట తెలుగుకు ఎంత దగ్గరో చెవికే తెలుస్తుంది.